పచ్చకామెర్లు, పిత్తనాళం ఇరుకు, విశాఖ గ్యాస్ట్రో డిపార్ట్‌మెంట్: పర్లాకిమిడి నుంచి వెళ్ళొచ్చిన మా రివ్యూ

రేటింగ్ ఐదుకి నాలుగు. జబ్బు కనిపెట్టడంలో ఐదుకి ఐదు ఇస్తాను, బిల్లింగ్ కౌంటర్‌కి ఒకటి, అదీ అక్కడ ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి. ఆస్పత్రి పేరు రాయట్లేదు. మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి, పేరు పెడితే కామెంట్లలో ఆ గొడవే నడుస్తుంది, అసలు విషయం పక్కకి పోతుంది. విశాఖలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి, అందులో గ్యాస్ట్రో వాళ్ళు, అంతవరకు చాలు. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగువాళ్ళకి ఈ తంటా తెలిసిందే, కాస్త పెద్ద జబ్బు అనగానే బరంపురమా విశాఖా అని ఇంట్లో రెండు పార్టీలైపోతాం. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి గారి పేరు మీదే ఉంది, అయినా మా ఇంట్లో పెద్దవాళ్ళకి డాక్టరు తెలుగులో మాట్లాడితేనే ధైర్యం, అందుకని పాతపట్నం దాటి శ్రీకాకుళం మీదుగా కారు విశాఖకే పోతుంది.

పేషెంటు మా మావయ్యగారు. అరవై దాటాయి, రైస్ మిల్లులో గుమస్తాగా చేసి మానేశారు, మందు ముట్టరు. మొదట ఒళ్ళంతా దురద, రాత్రిళ్ళు మరీ ఎక్కువ, అరచేతులు అరికాళ్ళు గోక్కుని గోక్కుని నిద్ర లేదు. సబ్బు మార్చాం, వేపాకు నీళ్ళు పోశాం, అలర్జీ బిళ్ళ వేశాం. తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులోకి వచ్చింది, కళ్ళు పచ్చబడ్డాయి. అత్తయ్య నేలఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇవ్వడం మొదలెట్టారు, ఉప్పూ కారం లేని చప్పిడి పథ్యం, సంతలో పసరు పోసే ఆయన దగ్గరికి కూడా తీసుకెళ్ళారు. ఆ పసరు గురించి నేనిక్కడ తగువు పెట్టుకోను, లివరుకి వైరస్ సోకి వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పసరుకి పేరొస్తుంది. మావయ్యగారివి ఆ రకం కాదు. జ్వరం లేదు, నొప్పి లేదు, విరోచనం మాత్రం తెల్లగా సున్నం కలిపినట్టు అవుతోంది. పిత్తం పేగులోకి రావట్లేదని, దారిలో ఎక్కడో అడ్డం పడిందని దానర్థం. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

ఊళ్ళో అల్ట్రాసౌండ్ తీస్తే పిత్తనాళం (లివరు నుంచి పిత్తం పేగులోకి వచ్చే గొట్టం) ఉబ్బి ఉంది, రాళ్ళు కనపడలేదు, కింది చివర గ్యాస్ వల్ల కనపడలేదు అని రాశారు. అక్కణ్ణుంచి ఇంకో ఊళ్ళో ఒక ఆస్పత్రికి వెళ్ళాం (విశాఖ కాదు), సీటీ స్కాన్ తీసి క్లోమం (ప్యాంక్రియాస్) తల భాగం లావుగా ఉంది, అక్కడే నాళం ఇరుకైంది, క్యాన్సర్ అనుమానం అని రిపోర్టు. రక్తంలో సీఏ 19-9 అని క్యాన్సర్ అనుమానం ఉంటే చేసే ఒక టెస్టు, 37 లోపు ఉండాల్సింది రెండొందలు దాటింది. ఇంకేముంది, ఆ కుర్ర డాక్టరు నిలబడే చెప్పేశాడు, రేపు పొద్దున్నే స్టెంట్ (ఇరుకైన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేసేద్దాం, కామెర్లు దిగాక విపుల్ ఆపరేషన్, డబ్బు చూసుకోండి అని. విపుల్ అంటే క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం (గాల్‌బ్లాడర్), నాళంలో కొంత అన్నీ తీసేసి మళ్ళీ కుట్టే ఆపరేషన్, చిన్నది కాదు. మా మరిది కారిడార్‌లోనే కూలబడిపోయాడు. మా ఆయన భువనేశ్వర్ నుంచి ఫోన్‌లో సంతకం పెట్టొద్దు, సీడీ తీసుకుని బయటికి రండి అన్నారు. వచ్చేశాం.

ఇప్పుడు విశాఖ సంగతి.

రిజిస్ట్రేషన్, టోకెన్, వెయిటింగ్ హాలు, వీటి గురించి కింద తిడతాను. లోపలికి వెళ్ళాక మాత్రం వేరే లోకం. పెద్ద డాక్టరు గారు రిపోర్టు కాగితం పక్కన పెట్టేసి ముందు సీడీ కంప్యూటర్లో వేశారు, ఒక్కో బొమ్మా జరుపుతూ మౌస్ తిప్పుతూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకు నచ్చిన మొదటి విషయం ఇదే. రిపోర్టు అంటే ఎవరో ఒక రేడియాలజిస్టు అభిప్రాయం, బొమ్మ ఆయనే చూసుకున్నారు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి, ఒకదానికొకటి సంబంధం లేనట్టే అనిపించాయి మాకు. మాస్టారూ, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఎప్పుడైనా అయిందా? లేదు. ఇంట్లో ఎవరికైనా టీబీ? కోవిడ్‌లో ఐసీయూలో ఉన్నారా? షుగర్ ఎప్పుడొచ్చింది? నోరు ఎండిపోతుందా? విరోచనంలో రక్తం, జిగురు? ఆస్తమా, అలర్జీలు? షుగర్ ఈమధ్యనే వచ్చింది, నోరు మాత్రం ఎండిపోతుందండీ అన్నారు మావయ్యగారు.

అప్పుడు ఆయన లేచి వచ్చి, మావయ్యగారి వెనకాల నిలబడి, రెండు చేతుల వేళ్ళూ దవడ కింద పెట్టి నొక్కి చూశారు. రెండు పక్కలా గట్టిగా బిళ్ళల్లా ఉన్నాయి, నొప్పి లేదు. ఇవి ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే మావయ్యగారు పన్ను పుచ్చింది కదా దానివల్లేనేమో బాబూ, ఎవరికీ చెప్పలేదు అన్నారు. ఆ ముందు ఆస్పత్రిలో కడుపు స్కాన్ తీశారు గానీ పేషెంటు గడ్డం కింద చెయ్యి పెట్టినవాళ్ళు లేరు. డాక్టరు గారు సీట్లో కూర్చుని ప్రిస్క్రిప్షన్ చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు, లివరు, కిందికి నాళం, పక్కన గాల్‌బ్లాడర్, చివర్లో క్లోమం లోంచి దూరి పేగులోకి వచ్చే చోటు. ఆ చీటీ ఇంకా నా ఫైల్లో ఉంది.

చెప్పింది ఏంటంటే, ఈ వయసులో నొప్పి లేకుండా కామెర్లు వచ్చి నాళం ఇరుకైతే ముందు క్యాన్సరే అనుకోవాలి, ఆ ముందు డాక్టరు అనుమానం తప్పు కాదు, అయితే అనుమానం దగ్గరే ఆగకూడదు. నాళాన్ని ఇరుకు చేసేవి క్యాన్సర్ కానివి బోలెడు. అన్నిటికంటే ఎక్కువ చూసేది గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో నాళానికి దెబ్బ తగలడం, అది వెంటనే బయటపడొచ్చు, కొన్నేళ్ళకీ బయటపడొచ్చు. తర్వాత రాళ్ళు, తాగుడు వల్లో మరో కారణం వల్లో ఏళ్ళ తరబడి క్లోమం వాచి గట్టిపడటం. ఇవి మామూలువే. అరుదైనవి వేరే ఉన్నాయి. గాల్‌బ్లాడర్ మెడలో రాయి ఇరుక్కుని పక్కనున్న నాళాన్ని బయట నుంచి నొక్కేస్తుంది, దాన్ని మిరిజ్జి సిండ్రోమ్ అంటారు, 1948లో అర్జెంటీనా సర్జన్ మిరిజ్జి రాసిన దాన్నిబట్టి ఆ పేరు. నాళం పక్కన లింఫు గ్రంథులకి టీబీ వచ్చి నొక్కడం, మనలాంటి చోట ఇది మర్చిపోకూడదన్నారు. పెద్దపేగు పుండ్ల జబ్బుతో పాటు వచ్చే పీఎస్‌సీ ఒకటి, అందులో నాళం అక్కడక్కడా ముడులు పడి ఇరుకవుతుంది. ఐసీయూలో వెంటిలేటర్ మీద చాలాకాలం ఉన్నవాళ్ళకి రక్తం సరిగ్గా అందక నాళాలు పాడవడం కోవిడ్ తర్వాత కూడా చూశారట. పాములు, అంటే పేగులో ఏలికపాములు, నాళంలోకి ఎక్కడం కూడా ఉంది. ఆఖర్న రాసి రౌండు చుట్టింది ఐజీజీ4 అని, అదేంటో కింద చెప్తాను.

ఇంకోటి, వెయిటింగ్ హాల్లో రాయగడ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, వాళ్ళమ్మ తోడొచ్చింది. వాడికి చిన్నప్పుడే లివరుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద సిర మూసుకుపోయిందట, దాని చుట్టూ చిన్న చిన్న సిరలు ఉబ్బి వలలా అల్లుకుని నాళాన్ని నొక్కేస్తున్నాయి, దానివల్ల కామెర్లు. పోర్టల్ కావర్నోమా అంటారు, మన దేశంలో ఇది పిల్లల్లో, కుర్రాళ్ళలో బయటి దేశాలకంటే ఎక్కువ చూస్తారట. ఆ సంగతి తెలీక డాక్టర్లు నాళంలో గబుక్కున పరికరం పెట్టి గీకితే వాడికి రక్తం కారిపోయే ప్రమాదం. ఆ తల్లి మొదట తిరిగిన చోట రాళ్ళు అనే చెప్పారంట. బయటికి జబ్బు పేరు ఒకటే, నాళం ఇరుకు, లోపల ఇన్ని రకాలు, ఒక్కోదానికి వైద్యం పూర్తిగా వేరు, అందుకే ఈ రివ్యూ ఇంత పొడుగు రాస్తున్నాను.

స్టెంట్ గురించి. మేము వెళ్ళిందే స్టెంట్ వేయించేద్దామని, దురద తగ్గుతుంది కదా అని. డాక్టరు గారు ముందు ఎమ్మార్సీపీ (ఎమ్మారై మెషిన్లో పిత్తనాళాల బొమ్మ తీసే స్కాన్), ఆ తర్వాతే నాళంలో చెయ్యి పెడతాం అన్నారు. కారణం అడిగాను, విసుక్కోకుండా చెప్పారు. స్టెంట్ వేశాక నాళం గోడ దాని రాపిడికే వాస్తుంది, ఉబ్బిన నాళం ముడుచుకుపోతుంది, ఇరుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో బొమ్మలో సరిగ్గా తెలీదు, క్యాన్సరా వాపా అని తేల్చే అవకాశం అక్కడే సగం పోతుంది. జ్వరం, చలి వణుకు వస్తే మాత్రం వేరే సంగతి, అడ్డం వెనక పిత్తంలో చీము పట్టినట్టు, అప్పుడు బొమ్మ కోసం ఆగరు, అర్ధరాత్రైనా దారి తెరుస్తారు. మావయ్యగారికి జ్వరం లేదు కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగొచ్చన్నారు. బిలిరుబిన్ 14 ఉంది అప్పటికి, మామూలుగా 1.2 లోపే ఉండాలి. పిత్తం లేకపోతే విటమిన్ కే ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టదు, అందుకని ముందు ఆ ఇంజెక్షన్ వేసి ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే టెస్టు) సరిచూసుకున్నారు. ఇవన్నీ అడక్కుండానే చేసినందుకు మార్కులు.

ఎమ్మార్సీపీ అనుభవం కూడా రాస్తాను, ఎవరూ రాయరు. ఖాళీ కడుపుతో రమ్మన్నారు, సరే వెళ్ళాం, తీరా లోపలికి పంపే ముందు నర్సమ్మ గ్లాసు నిండా అనాసపండు రసం తెచ్చి తాగమంది. మావయ్యగారు ఖంగారుపడి, పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగొద్దన్నారు కదమ్మా ఇప్పుడు జ్యూసేంటి, నాకసలే షుగరు, అన్నారు. అనాస రసంలో మాంగనీస్ ఎక్కువట, అది తాగితే పొట్టలోని నీరు స్కాన్‌లో నల్లగా కనపడి పక్కకి తప్పుకుంటుంది, నాళంలోని పిత్తం మాత్రమే తెల్లగా తేలుతుంది. ఇంజెక్షన్ రంగు మందు లేకుండానే నాళం మొత్తం కనపడే పద్ధతి అది. ఆ తర్వాత రంగు మందుతో క్లోమానికి విడిగా ఇంకో రౌండు తీశారు. ఊపిరి బిగబట్టండి వదలండి అని లోపల స్పీకర్లో చెబుతుంటారు, పెద్దాయనకి చెవుడు కాస్త, అందుకని టెక్నీషియన్ ఒకసారి బయటికి తీసి చెయ్యి ఊపి సైగలు నేర్పించి మళ్ళీ పంపాడు. ఆ అబ్బాయికి ప్రత్యేకంగా ఒక స్టారు. ఖర్చు ఎనిమిది వేల దాకా అయింది.

బొమ్మలో క్లోమం గడ్డలా ఒకచోట లేదు, మొత్తం పొడుగునా ఒకేలా ఉబ్బి, అంచు చుట్టూ సన్నగా వేరే రంగు పొర ఉంది. క్లోమం లోపలి నాళం పెద్దగా ఉబ్బలేదు, క్యాన్సర్ గడ్డ నొక్కితే మామూలుగా అది వెనక ఉబ్బుతుందట. ఐజీజీ4 రక్తపరీక్ష బయట ల్యాబ్‌కి పంపారు, రావడానికి టైమ్ పట్టింది, 135 దగ్గర ఆగాల్సింది దానికి రెండింతలు దాటింది. నేను ఎగిరి గంతేశాను, ఇంక క్యాన్సర్ కాదుగా అని. డాక్టరు గారు వెంటనే నీళ్ళు చల్లారు, క్లోమం క్యాన్సర్ ఉన్నవాళ్ళలో కూడా కొందరికి ఇది పెరుగుతుంది, ఐజీజీ4 జబ్బున్న వాళ్ళలో కొందరికి అసలు పెరగదు, ఒక్క నంబర్ పట్టుకుని ఎవరూ తేల్చలేరు అన్నారు. మరి సీఏ 19-9 సంగతి? అది కూడా అంతే, నాళం మూసుకుపోయి పిత్తం నిలవుంటే చాలు, క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది, కామెర్లు దిగాక మళ్ళీ చేస్తేనే దానికి విలువ. పైగా నూటికి అయిదు నుంచి పది మందికి పుట్టుకతోనే ఆ పదార్థం తయారవదు, వాళ్ళకి క్యాన్సర్ ఉన్నా టెస్టు మామూలుగానే వస్తుంది. ఊళ్ళో ల్యాబుల్లో ప్యాకేజీలో పెట్టి ఇదే టెస్టు అమ్ముతున్నారు, ఏం చెప్తాం.

ఈ ఐజీజీ4 జబ్బు గురించి నాకర్థమైనంత చెప్తాను. ఒంట్లో రక్షణ కణాలే తిరగబడి ఒక్కో గ్రంథిలో చేరి వాపు తెచ్చి గట్టిపరుస్తాయి. క్లోమం, పిత్తనాళం, దవడ కింద లాలాజల గ్రంథులు, కంటి పక్కన కన్నీటి గ్రంథులు, కిడ్నీ, ఎక్కడైనా. అరవై దగ్గరపడ్డ మగవాళ్ళలో ఎక్కువ. 2001లో జపాన్ డాక్టర్లు క్లోమం ఇలా వాచినవాళ్ళ రక్తంలో ఐజీజీ4 ఎక్కువగా ఉందని కనిపెట్టాకే దీనికి ఒక టెస్టు అంటూ వచ్చింది, అంతకుముందు ఇలాంటి వాళ్ళలో చాలామందికి క్యాన్సర్ అనుకునే కడుపు కోసేవాళ్ళు. కోసి తీసేశాక ముక్క పరీక్షిస్తే క్యాన్సర్ లేదు అని వచ్చేది. నాళం పైభాగంలో ఇరుకుని క్యాన్సర్ అనుకుని ఆపరేషన్ చేసినవాళ్ళలో పదిమందికి ఒకరి దాకా ఇలా వేరే ఏదో అని తేలుతుందని ఇప్పటికీ చెప్తారు. అలాగని క్యాన్సర్‌ని ఐజీజీ4 అనుకుని స్టెరాయిడ్ ఇస్తూ కూర్చుంటే ఆపరేషన్ చేసే టైమ్ దాటిపోతుంది. రెండు వైపులా గొయ్యే.

అందుకని ముక్క తీశారు. ఎండోస్కోపీ గొట్టం చివర చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది, దాంతో కడుపు లోపల నుంచి క్లోమాన్ని చూస్తూ సూదితో ముక్క. అదే మత్తులో ఈఆర్‌సీపీ, అంటే నోట్లోంచి గొట్టం దింపి పేగు వైపు నుంచి పిత్తనాళంలోకి వెళ్ళడం, నాళంలో ఇరుకు దగ్గర బ్రష్‌తో కణాలు తీసి, పేగులో నాళం తెరుచుకునే చోట ఇంకో ముక్క తీసి, ఒక ప్లాస్టిక్ స్టెంట్ వదిలారు. ఈఆర్‌సీపీ వల్ల క్లోమం వాచే ప్రమాదం ఉంటుందని, అది తగ్గడానికి ముందే మలద్వారంలో ఒక మందు బిళ్ళ పెట్టారు, అది చెప్పేటప్పుడు నర్సమ్మ కంటే మావయ్యగారే ఎక్కువ సిగ్గుపడ్డారు. బ్రష్ రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవు అని వచ్చింది. ఇక్కడ కూడా అదే మాట, బ్రష్ క్యాన్సర్ ఉంది అంటే నమ్మొచ్చు, లేదు అంటే నమ్మడానికి లేదు, క్యాన్సర్ ఉన్నవాళ్ళలో సగం మందిని అది పట్టుకోలేదు. ముక్కల్లో మాత్రం ఐజీజీ4 రంగు పట్టిన కణాలు గుంపులుగా కనిపించాయి. అన్నీ కలిపి, బొమ్మ, రక్తం, ముక్క, దవడ గ్రంథులు, సర్జన్‌ని, రేడియాలజీ వాళ్ళని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడాక అప్పుడు చెప్పారు స్టెరాయిడ్ మొదలెడదామని.

మొదలెట్టే ముందు టీబీకి ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష, హెపటైటిస్ బీ టెస్టు, షుగర్ లెక్క. లోపల టీబీ గానీ బీ వైరస్ గానీ దాక్కుని ఉంటే స్టెరాయిడ్ దాన్ని లేపుతుంది. ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 మిల్లీగ్రాములు నాలుగు వారాలు, తర్వాత వారానికి ఐదు చొప్పున తగ్గించాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చీటీలో కింద ఆయన స్వయంగా రాసిన రెండు లైన్లు: నెల తర్వాత స్కాన్‌లో క్లోమం వాపు తగ్గకపోతే మందు ఆపి ఆపరేషన్ గురించి మాట్లాడాలి అని ముందే రాసేశారు, తేదీతో సహా. నేను అమాయకంగా కామెర్లు దిగితే చాలదా అని అడిగితే, కామెర్లు స్టెంట్ వల్ల ఎలాగూ దిగుతాయమ్మా, మందు పనిచేసిందో లేదో కామెర్లని బట్టి చెప్పలేం, స్టెంటుకి సంబంధం లేని క్లోమం తగ్గాలి, దవడ గడ్డలు తగ్గాలి అన్నారు. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు, నేను బిలిరుబిన్ కాగితాలు చూసుకుని మురిసిపోతున్నాను.

దవడ గడ్డలు ముందు కరిగాయి. అత్తయ్యే గమనించారు, గెడ్డం గీయించుకుని వచ్చిన రోజు, మొహం సన్నబడిందేటి అని. నెల స్కాన్‌లో క్లోమం దాదాపు మామూలు సైజుకి వచ్చింది, తర్వాత స్టెంట్ తీసేశారు, నాళం తెరుచుకునే ఉంది. సీఏ 19-9 కామెర్లు దిగాక మామూలైపోయింది. షుగర్ మాత్రం స్టెరాయిడ్‌తో పైకి పోయింది, ఇన్సులిన్ పట్టింది కొన్నాళ్ళు, మావయ్యగారికి ఆకలి విపరీతం, రాత్రి పదకొండుకి ఫ్రిజ్ తీసి దొంగతనంగా రసగుల్లా. ఈ జబ్బు మళ్ళీ తిరగబెట్టే రకమట, ముఖ్యంగా నాళం లివరు దగ్గర పైభాగంలో ఇరుకైనవాళ్ళకి ఎక్కువ, అందుకని తక్కువ డోసు మందు ఇంకా నడుస్తోంది, మళ్ళీ వస్తే వేరే ఇంజెక్షన్లు ఉన్నాయన్నారు.

ఒక మనవి. మావయ్యగారు బాగుపడ్డారని తెలిసి మా వీధిలో ఇద్దరు ముగ్గురు వచ్చి ఆ బిళ్ళ పేరు చెప్పమ్మా, మా వాళ్ళకీ కామెర్లే అని అడిగారు. చెప్పలేదు, ఇక్కడ రాశాను గానీ చదివి మెడికల్ షాపుకి వెళ్ళకండి. స్టెరాయిడ్ వేస్తే కొన్ని రకాల క్యాన్సర్లలో కూడా కొన్నాళ్ళు వాపు తగ్గి బాగున్నట్టే కనపడుతుంది, టీబీ అయితే ఒళ్ళంతా పాకుతుంది.

ఇక తిట్లు. వెయిటింగ్ హాల్లో కుర్చీలు చాలవు, కామెర్ల పేషెంట్లు దురదతో నిలబడి గోక్కుంటూ ఉంటారు, వాళ్ళని చూసి పక్కవాళ్ళు అంటుకుంటుందేమో అని జరుగుతారు, ఇది గ్యాస్ట్రో ఓపీ అని తెలిసి కూడా. టోకెన్ పదింటికని చెప్పి ఒంటిగంట దాటాక పిలుస్తారు. ఆదివారం వార్డులో పెద్ద డాక్టర్లు ఎవరూ ఉండరు, డ్యూటీ డాక్టరుకి ఫైల్ చదివే ఓపిక లేదు, క్యాన్సర్ పేషెంటు కదా అని మావయ్యగారి ముందే అనేశాడు. క్యాంటీన్ ఇడ్లీ గురించి మాట్లాడను, చట్నీ బాగుంటుంది.

బిల్లింగ్ దగ్గర అసలు రభస. ఒడిశా వాళ్ళకి ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) వర్తించదు, అది మాకు తెలుసు, మేమడిగింది ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఇక్కడ పనిచేస్తుందా లేదా అని. ఒక కౌంటర్లో పనిచేస్తుంది అన్నారు, ఇంకో కౌంటర్లో జిల్లా నుంచి రెఫరల్ కావాలన్నారు, మూడో ఆవిడ గజపతి జిల్లా అంటే విజయనగరం గజపతులా అని అడిగింది. చివరికి చేతి డబ్బే కట్టాం. ముందే ఫోన్ చేసి ఆ ఆస్పత్రి ఒడిశా పథకం లిస్టులో ఉందో లేదో కనుక్కుని, ఏ ప్రొసీజర్‌కి వర్తిస్తుందో కాగితం మీద రాయించుకుని అప్పుడు బయల్దేరండి. ఒడియా మాత్రమే వచ్చినవాళ్ళకి ఇంకా కష్టం, అక్కడ సహాయం చేసేవాళ్ళంటూ ఎవర్నీ పెట్టలేదు, ఇచ్ఛాపురం నుంచి వచ్చి చేస్తున్న ఒక సెక్యూరిటీ ఆయన ఒక్కడే డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చి అందరికీ అర్థం చెప్తున్నాడు. అతనికి జీతం పెంచండి ముందు.

వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేవి. పాత స్కాన్ల కాగితాలు ఒక్కటే కాదు సీడీలు పట్టుకెళ్ళండి, సీడీ లేకపోతే మళ్ళీ తీయిస్తారు. ఎప్పుడో అయిన గాల్‌బ్లాడర్ ఆపరేషన్ డిశ్చార్జి చీటీ ఉంటే అది తప్పనిసరి, రాయగడ కుర్రాడి పక్కన కూర్చున్న జయపురం ఆవిడకి అదే చీటీ దొరక్క అరపూట పోయింది. స్టెంట్ అనగానే, దానికి ముందు ఎమ్మార్సీపీ గానీ మంచి సీటీ గానీ అయిందా, జ్వరం లేకపోతే ఆగొచ్చా అని అడగండి, అడిగితే ఏమీ అనుకోరు. ప్లాస్టిక్ స్టెంట్ వేయించుకున్నవాళ్ళు మూడు నెలల లోపు తీయించుకోవడమో మార్పించుకోవడమో చెయ్యాలి, మర్చిపోతే మూసుకుపోయి చీము పడుతుంది, తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఎమ్మార్సీపీకి పొద్దున్న మొదటి స్లాట్ అడగండి, పేషెంటుకి షుగర్ ఉంటే ఆ రోజు మాత్రలు వెయ్యాలో వద్దో ముందురోజే కనుక్కోండి. అనాస రసం వాళ్ళే ఇస్తారు, బయట కొనక్కర్లేదు.